కొండ మీది రిపీటర్ కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌లో పట్టుకోవడం ఎలా?

కరెంటు పోయి వచ్చాక రిపీటర్ (హామ్‌ల, అంటే అభిరుచిగా రేడియో నడిపేవాళ్ళ, సంకేతాన్ని అందుకుని మళ్ళీ దూరం పంపే స్టేషన్) లింకు తెగిపోయింది. నిన్నటిదాకా 192.168.1.35లో లాగిన్ అయిన రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, కింద ఉత్త 'పై' అన్నా ఇదే) ఇవాళ ఆ నంబరులో పలకడం లేదు. చాలా రౌటర్లు ఆరిపోయి మళ్ళీ ఆన్ అయితే పాత జాబితా మర్చిపోతాయి. అడిగినవాళ్ళకి అడిగిన వరసలో అడ్రసులు పంచిపెడతాయి. కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఇంట్లో అయితే మానిటర్ తగిలించి చూసుకోవచ్చు. కొండ మీది షెడ్డులోనో, అపార్ట్‌మెంటు పైన నీళ్ళ ట్యాంకు పక్కనో ఉన్న డబ్బా దగ్గరికి మానిటరూ కీబోర్డూ ఎవరు మోసుకెళ్తారు? ల్యాప్‌టాప్, ఒక లాన్ కేబుల్, చేతిలో హ్యాండీ (వాకీటాకీ లాంటి చిన్న హామ్ రేడియో) ఉంటే చాలు.

నేను ఇక్కడ చెప్పేది ఆల్‌స్టార్‌లింక్ (రిపీటర్లను ఇంటర్నెట్ ద్వారా కలిపే నెట్‌వర్క్) నోడ్ నడుపుతున్న రాస్‌బెర్రీ పై గురించి. రేడియోను ఇంటర్నెట్‌కి కలిపే ఇతర సాఫ్ట్‌వేర్లు పై-స్టార్, ఎకోలింక్ పెట్టుకున్నవాళ్ళకి కూడా చాలావరకు ఇదే దారి, తేడా ఉన్నచోట చెబుతాను. ఐపీ అడ్రసు రౌటర్ ఇచ్చేది, అది మారుతుంది. మ్యాక్ అడ్రసు (తయారీలోనే ఇచ్చిన గుర్తింపు నంబరు) బోర్డుతో పాటు వచ్చింది, అది అలాగే ఉంటుంది. అందుకని పాత ఐపీనే పట్టుకుని వేలాడకుండా బోర్డును గుర్తుపట్టే ప్రయత్నం చేయండి.

ముందు అది నడుస్తోందా?

దీనికి ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు. మీ రిపీటర్‌కి కంట్రోలర్ (రిపీటర్‌ని నడిపించే బుర్ర) పని కూడా ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్‌లోని యాప్ ఆర్‌పీటీయే (జిమ్ డిక్సన్, డబ్ల్యూబీ6ఎన్ఐఎల్, రాసిన ప్రోగ్రామ్) చేస్తుంటే, హ్యాండీలో పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కి వదలండి. కర్టసీ టోన్ (బటన్ వదిలాక రిపీటర్ ఇచ్చే చిన్న బీప్) వినిపించి, కాసేపటికి తన కాల్‌సైన్ మోర్స్‌లో చెప్పుకుందంటే కంప్యూటర్ నిక్షేపంలా ఉంది, పోయింది నెట్‌వర్క్ దారి మాత్రమే. టోన్ లేదు, ఐడీ లేదు, అసలు క్యారియరే (రిపీటర్ పంపే సిగ్నలే) లేదంటే ముందు పవర్ సప్లై సంగతి చూడండి. కంట్రోలర్ వేరే బోర్డు అయితే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. పై చచ్చిపోయినా రిపీటర్ తన పాటికి తాను రిపీట్ చేస్తూనే ఉంటుంది.

ఆల్‌స్టార్‌లింక్ సైటులో మీ నోడ్ రిజిస్టర్ అయినట్టు కనిపిస్తోందేమో కూడా ఒకసారి చూసుకోండి. కనిపిస్తే దానికి ఇంటర్నెట్ అందుతోంది, అంటే దానికి పనిచేసే అడ్రసు ఏదో ఒకటి ఉంది. సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. ఆ సైటులో కనిపించే ఐపీ మాత్రం రౌటర్ బయటి ఐపీ. దాన్ని పట్టుకుని లోపల వెతకొద్దు.

మీరు రిపీటర్ దగ్గరే ఉంటే లైట్లు చూడండి. పై 3, పై 4 బోర్డుల మీద ఆకుపచ్చ లైటు ఎస్‌డీ కార్డును చదివినప్పుడల్లా మినుకుమంటుంది. పవర్ ఇచ్చాక ఎర్ర లైటు వెలుగుతూ, ఆకుపచ్చది ఒక్కసారి కూడా కదలకపోతే కార్డు మీద అనుమానపడండి. ఎర్ర లైటే మినుకుతుంటే వోల్టేజి ఇంచుమించు 4.63 కన్నా కిందికి పడుతోందని అర్థం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి కన్వర్టర్ పెట్టి 5 వోల్టులు తీసి, అక్కడి నుంచి సన్న వైరు లాగిన చోట్ల ఇది తరచూ కనిపిస్తుంది. లాన్ సాకెట్ దగ్గరి లైట్లు రెండూ ఆరిపోయి ఉంటే కేబులో, అవతలి స్విచ్చో చూడాలి.

మీరు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారు?

ల్యాప్‌టాప్‌ను పై ఉన్న రౌటర్‌కే కలపండి. వైఫై కన్నా కేబుల్ మేలు. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని, లినక్స్‌లో అయితే ఐపీ రూట్ అని కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే అని (లినక్స్‌లో డీఫాల్ట్ వయా అని) వచ్చేదే రౌటర్ అడ్రసు. జియోఫైబర్ రౌటర్ అయితే 192.168.29.1 ఉంటుంది, చాలావాటిలో 192.168.1.1 లేదా 192.168.0.1. దాన్ని కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ మెట్టు దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌తో వెతికితే ఏమీ కనిపించకపోవచ్చు. గెస్ట్ వైఫైలోకి ఎక్కినా అంతే, అక్కడి పరికరాలు ఒకదానికొకటి కనపడకుండా రౌటరే అడ్డం పెడుతుంది. కంపెనీవాళ్ళు ఇచ్చిన మోడెమ్ వెనక మీవాళ్ళు ఇంకో రౌటర్ పెట్టి ఉంటే రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. పై లోపలి రౌటర్‌కి ఉండి, మీరు బయటి మోడెమ్‌కి కలిస్తే ఎంత వెతికినా దొరకదు. పై నుంచి వచ్చే కేబుల్‌ను చేత్తో పట్టుకుని, అది ఏ డబ్బాలోకి పోతోందో కళ్ళారా చూడండి.

రిపీటర్ ఏ కాలేజీ భవనం మీదో, ఆసుపత్రి మీదో ఉంటే, వాళ్ళ నెట్‌వర్క్‌లో స్కాన్ మొదలుపెట్టే ముందు వాళ్ళ ఐటీ మనిషికి ఒక మాట చెప్పండి. చోటిచ్చినవాళ్ళతో పేచీ వస్తే రిపీటర్‌కి ఇంకో కొండ వెతుక్కోవాలి.

పేరు పెట్టి పిలవండి

అన్నిటికన్నా తేలిక దారి ఇది. పై-స్టార్ అయితే బ్రౌజర్‌లో పై-స్టార్ డాట్ లోకల్ అని కొట్టండి (పేరు మధ్యలో అడ్డగీతతో). పై-స్టార్ లాంటిదే అయిన డబ్ల్యూపీఎస్‌డీ అయితే ఆ నాలుగక్షరాలు, డాట్ లోకల్. ఆల్‌స్టార్‌లింక్ 3 అయితే కార్డు తయారుచేసేటప్పుడు మీరు పెట్టిన పేరుకి డాట్ లోకల్ తగిలించండి, చాలామంది నోడ్ అన్న మాట పక్కన నోడ్ నంబరు పెట్టుకుంటారు. అసలు పేరే మార్చలేదంటే అది రాస్‌బెర్రీపై డాట్ లోకల్ అయి ఉండొచ్చు.

ఇలా పిలిస్తే రౌటర్‌తో పని లేకుండా ఆ కంప్యూటరే నేరుగా జవాబిస్తుంది. విండోస్ 10 నుంచి ఈ పిలుపు విండోస్‌కి తెలుసు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లకి తెలియదు, కాబట్టి ఫోన్‌లో రాలేదని నిరాశపడొద్దు. పింగ్ (పలుకుతుందా అని అడిగే కమాండ్) చేస్తే ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడవాటి అడ్రసు వచ్చిందా? అది ఐపీవీ6. పింగ్ తర్వాత మైనస్ 4 తగిలిస్తే మామూలు అడ్రసు చెబుతుంది.

పై-స్టార్ వైఫై మీద ఆధారపడి ఉంటే ఇంకో చిన్న సంగతి. తనకి తెలిసిన వైఫై దొరక్కపోతే కాసేపు చూసి, పై-స్టార్-సెటప్ అనే సొంత వైఫై పెడుతుంది. రౌటర్ పాస్‌వర్డ్ ఎవరో మార్చిన రోజున ముందు ఫోన్‌లో వైఫై లిస్టు తెరిచి చూడండి.

రౌటర్‌ని అడగండి, ఆ తర్వాత స్కాన్

గేట్‌వే అడ్రసును బ్రౌజర్‌లో కొట్టి రౌటర్‌లోకి లాగిన్ అవండి. డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రసులు పంచే పద్ధతి) క్లయింట్లు, కనెక్టెడ్ డివైసెస్ లాంటి పేజీ ఒకటి ఉంటుంది. పేరు కనిపిస్తే సరే. లేకపోతే మ్యాక్ అడ్రసుల మొదటి మూడు జతలు చూడండి. రాస్‌బెర్రీ పై బోర్డులకి బీ8:27:ఈబీ, డీసీ:ఏ6:32, ఈ4:5ఎఫ్:01, డీ8:3ఏ:డీడీ లాంటి మొదళ్ళు ఉంటాయి. మొదటిది పై 3 దాకా వచ్చిన బోర్డుల్లో ఎక్కువ, రెండోది పై 4తో వచ్చింది. ఒకే బోర్డులో లాన్‌కి ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటాయని మర్చిపోకండి. లాన్ మ్యాక్ రాసుకుని వైఫైలో వెతికేవాళ్ళు ఉన్నారు.

లిస్టు పెద్దదైతే ఫోన్లను ఇలా ఏరిపారేయొచ్చు. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ, వీటిలో ఒకటైతే అది సాధారణంగా ఫోన్ తనకు తాను కల్పించుకున్న మ్యాక్. వాటిని వదిలేసి మిగిలినవి చూడండి.

రౌటర్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే స్కాన్ చేయాల్సిందే. ఎన్‌మ్యాప్ ఉంటే లినక్స్‌లో సూడో ఎన్‌మ్యాప్, మైనస్ ఎస్ఎన్, తర్వాత మీ రేంజి, గేట్‌వే 192.168.29.1 అయితే: 192.168.29.0/24. సూడో పెట్టడం ముఖ్యం. అప్పుడు అది ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిది అని అందరినీ అడిగే పద్ధతి) ద్వారా అడుగుతుంది, పింగ్‌కి పలకొద్దని పెట్టుకున్న కంప్యూటర్ కూడా దీనికి పలకక తప్పదు. పైగా మ్యాక్, దాని పక్కన తయారీదారు పేరు కూడా చూపిస్తుంది. విండోస్‌లో యాంగ్రీ ఐపీ స్కానర్ సులువు. ఏదీ లేకపోతే ఏఆర్‌పీ మైనస్ ఏ అని కొట్టినా ల్యాప్‌టాప్‌కి ఇప్పుడే తగిలిన మ్యాక్‌ల జాబితా వస్తుంది. ఫోన్‌లో ఫింగ్ లాంటి యాప్‌లు ఉన్నాయి కానీ, ఇప్పటి ఫోన్లు మ్యాక్‌లను యాప్‌లకు సరిగా చూపనివ్వవు. కొండ ఎక్కేటప్పుడు ల్యాప్‌టాపే పట్టుకెళ్ళండి.

అనుమానం ఉన్న అడ్రసులు రెండు మూడు తేలితే పోర్టులు చూడండి. 22 ఎస్ఎస్‌హెచ్‌ది (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి). ఆల్‌స్టార్ నోడ్‌లకి వాడే పాత హామ్‌వాయిప్ ఇమేజిలో ఎస్ఎస్‌హెచ్ 222లో ఉంటుంది, 22 మూసి ఉందని అక్కడే ఆగిపోవద్దు. ఆల్‌స్టార్‌లింక్ 3 ఇమేజిలో 9090లో కాక్‌పిట్ అనే వెబ్ పేజీ తెరుచుకుంటుంది, సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే కంగారు అక్కర్లేదు. నోడ్‌లు మాట్లాడుకునేది యూడీపీ 4569లో, ఎకోలింక్ యూడీపీ 5198, 5199లో. యూడీపీ స్కాన్ జవాబు తెరిచిందో మూసిందో తేల్చదు కాబట్టి, వాటి మీద నేను పెద్దగా ఆధారపడను.

లిస్టులో లేదు, స్కాన్‌లోనూ లేదు

లైట్లు వెలుగుతున్నాయి, కేబుల్ బాగుంది, అయినా దొరకదు. ఇలాంటప్పుడు తొంభై పాళ్ళు కారణం ఒక్కటే: ఎవరో ఎప్పుడో పై లోపల స్టాటిక్ ఐపీ (మారకుండా చేత్తో పెట్టిన నంబరు) పెట్టారు. ఇంట్లో 192.168.1.50 అని పెట్టి, పరీక్షించి, తీసుకెళ్ళి 192.168.29 నెట్‌వర్క్‌లో తగిలించారు. లేదా రెండేళ్ళ తర్వాత ఇంటర్నెట్ కంపెనీ కుర్రాడు వచ్చి రౌటర్ మార్చిపోయాడు. పై తన పాత నంబరులోనే భీష్మించుకుని కూర్చుంది. మీ స్కాన్ వేరే రేంజిలో తిరుగుతోంది. రెండూ ఒకే స్విచ్చు మీద ఉన్నా కలవవు.

దీనికి మందు వైర్‌షార్క్, కేబుల్‌లో పోయే డేటాను చూపించే ప్రోగ్రామ్. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, లాన్ కేబుల్‌తో పైని నేరుగా కలపండి. ఇప్పటి పోర్టులకి క్రాస్ కేబుల్ అక్కర్లేదు. వైర్‌షార్క్‌లో లాన్ ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, ఫిల్టర్‌లో ఏఆర్‌పీ అన్న మూడక్షరాలు కొట్టండి. ఓపికగా కూర్చోండి. నోడ్ ఎప్పుడూ రిజిస్ట్రేషన్ కోసం, టైము సరిచేసుకోవడం కోసం బయటికి పోవాలని చూస్తూనే ఉంటుంది. దానికోసం తన గేట్‌వేను కేకేస్తుంది. తెర మీద వచ్చే వరస అర్థం ఇదీ: 192.168.1.1 ఎవరు? 192.168.1.50కి చెప్పండి. ఆ రెండో నంబరే మీరు వెతుకుతున్నది, పక్కనే దాని మ్యాక్ కూడా ఉంటుంది. అడగకుండానే తన చిరునామా తానే చెప్పుకుంటుందన్నమాట.

ఇక ల్యాప్‌టాప్ లాన్‌కి అదే వరసలో ఖాళీగా ఉన్న నంబరు, 192.168.1.77 లాంటిది, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెట్టి లాగిన్ అవండి. పని అయ్యాక ల్యాప్‌టాప్‌ను మళ్ళీ ఆటోమేటిక్‌కి మార్చండి, లేకపోతే ఇంటికొచ్చాక నెట్ రాదు.

169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే అది స్టాటిక్ కాదు. డీహెచ్‌సీపీ దొరకక పై తనే ఎంచుకున్న నంబరు అది. రౌటర్ కన్నా పై ముందు బూట్ అయినప్పుడో, కేబుల్ వదులైనప్పుడో ఇలా అవుతుంది. ల్యాప్‌టాప్‌ను నేరుగా కలిపినప్పుడు కూడా ఇలాగే కనిపించడం సహజం.

లినక్స్ వాడేవాళ్ళకి ఇంకో అడ్డదారి ఉంది. ఐపీవీ4 నంబరు ఎంత తప్పుగా ఉన్నా ఐపీవీ6 లింక్ లోకల్ అడ్రసు మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. ఎఫ్ఎఫ్02::1 అన్న అడ్రసుకి, చివర పర్సెంట్ గుర్తు, మీ ఇంటర్‌ఫేస్ పేరు చేర్చి పింగ్ చేయండి. ఆ కేబుల్ మీద ఉన్నవన్నీ ఎఫ్ఈ80 అడ్రసులతో పలుకుతాయి. వాటికి అదే పర్సెంట్, ఇంటర్‌ఫేస్ పేరు తగిలించి ఎస్ఎస్‌హెచ్ చేయొచ్చు. ఎవరైనా ఐపీవీ6 ఆపేసి ఉంటే మాత్రం ఇది నడవదు.

రేడియోలోనే అడగండి

ఇది మామూలు నెట్‌వర్క్ ఇంజినీర్లకి లేని, మనకు మాత్రమే ఉన్న దారి. కంప్యూటర్ పక్కన రిసీవరూ ట్రాన్స్‌మిటరూ ఉన్నప్పుడు దాని ఐపీ దాన్నే అడిగితే పోలేదా? యాప్ ఆర్‌పీటీ సెట్టింగుల ఫైల్లో ఒక డీటీఎంఎఫ్ (కీప్యాడ్ నొక్కితే పోయే టోన్ల) కోడ్‌కి ఏ స్క్రిప్ట్‌నైనా ముడిపెట్టొచ్చు. లోకల్ ఐపీని అంకెలుగా పలికే స్క్రిప్ట్ పెడితే, హ్యాండీ కీప్యాడ్ మీద ఆ కోడ్ నొక్కగానే రిపీటర్ గాల్లో చదివి వినిపిస్తుంది. కొన్ని ఇమేజిల్లో ఇది ముందే ఉంటుంది. మీ సెట్టింగుల ఫైలు తెరిచి, ఫంక్షన్ల భాగంలో చూసుకోండి. బూట్ అవగానే ఒకసారి తనంతట తాను ఐపీ చెప్పేలా పెట్టుకుంటే ఇంకా మంచిది.

పలికించడంలో రెండు రకాలున్నాయి. లోకల్‌ప్లే అయితే ఆ రిపీటర్ మీద మాత్రమే వినిపిస్తుంది, ప్లేబ్యాక్ అయితే లింకులో ఉన్న నోడ్‌లన్నిటికీ పోతుంది. పెద్ద లింకులో ఉన్నప్పుడు రెండో రకం పెట్టారంటే ఎక్కడెక్కడి వాళ్ళో మీ 192.168 వినాల్సి వస్తుంది. లోపలి ఐపీ గాల్లోకి పోతే కొంప మునగదు. పాస్‌వర్డ్‌లూ బయటి పోర్టు నంబర్లూ మాత్రం పలికించకండి, వినేవాళ్ళు ఎందరో ఉంటారు.

మీరు సైటుకి దూరంగా ఉన్నా, నోడ్ రిజిస్టర్ అయి ఉంటే ఇంకో నోడ్ నుంచి దీనికి కమాండ్ పంపొచ్చు. స్టార్ 3, నోడ్ నంబరుతో కలపండి. స్టార్ 4, నోడ్ నంబరుతో కమాండ్ మోడ్‌లోకి వెళ్ళండి. ఆ తర్వాత నొక్కే కోడ్ అవతలి నోడ్‌కి పోతుంది. అవతలి సెట్టింగులు ఒప్పుకోవాలి, మీ కోడ్‌లు మార్చుకుని ఉండకూడదు. ఈ సందర్భంలో మాత్రం ప్లేబ్యాక్ రకమే మీకు వినిపిస్తుంది.

ఇంట్లో కూర్చుని వెతకాల్సి వస్తే

బయటి నుంచి పోర్ట్ ఫార్వర్డింగ్ పెడదామని చూస్తే 4జీ సిమ్ రౌటర్లలో చాలావరకు కుదరదు. రౌటర్ వ్యాన్ (బయటి వైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరు కంపెనీ పెద్ద నాట్ (చాలామందికి ఒకే బయటి ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, బయటివాళ్ళు లోపలికి రాలేరు. టెయిల్‌స్కేల్, వైర్‌గార్డ్, జీరోటియర్ లాంటి వీపీఎన్ పైలో ముందే పెట్టి ఉంటే పని తేలిక. ఇవి లోపలి నుంచి బయటికి దారి తెరుస్తాయి, లోకల్ ఐపీ ఏదైనా వాటికి సంబంధం లేదు. ఆల్‌స్టార్ నడిపే ప్రతివాళ్ళూ వీటిలో ఒకటి పెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

పెట్టుకోకపోతే సైటులో ఉన్న మనిషే దిక్కు. వాచ్‌మన్‌తో మాట్లాడేటప్పుడు పేర్లు చెప్పకండి, రంగులు చెప్పండి. "బాబాయ్, నల్ల డబ్బాకి నీలం వైరు ఉంది కదా, అది గుచ్చిన చోట లైటు వెలుగుతోందా? ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు" అంటే పని అవుతుంది. "రౌటర్ రీస్టార్ట్ చెయ్యి" అంటే ఆయన రిపీటర్ మెయిన్ స్విచ్చే ఆపి మళ్ళీ వేస్తాడు. రౌటర్ వెనక స్టిక్కర్ ఫోటో కూడా అడగండి, లాగిన్ వివరాలు తరచూ అక్కడే ఉంటాయి.

దొరికింది మనదేనా?

ఒకే షెడ్డులో వాతావరణ కేంద్రానిదో, సీసీ కెమెరాలదో ఇంకో పై ఉండొచ్చు. ఏదో ఒకదానిలోకి దూరి రీబూట్ కొట్టకండి. ఎస్ఎస్‌హెచ్ చేసినప్పుడు హోస్ట్ కీ మారిపోయిందని హెచ్చరిక వస్తే ఆగండి. కార్డు కొత్తగా ఇమేజ్ చేసి ఉండొచ్చు, లేదా మీరు వేరే మిషన్ తలుపు తడుతుండొచ్చు. ఏదో తేలేవరకు పాస్‌వర్డ్ కొట్టొద్దు.

లోపలికి వెళ్ళాక ఆస్టరిస్క్ కన్సోల్ తెరిచి, ఆర్‌పీటీ స్టాట్స్ పక్కన మీ నోడ్ నంబరు కొట్టండి. అందులో సిగ్నల్ ఆన్ ఇన్‌పుట్ అన్న వరస ఉంటుంది. హ్యాండీలో పీటీటీ నొక్కి పట్టుకుని మళ్ళీ కొట్టండి. నో అన్నది యస్ అయిందా? మీ చేతిలోని రేడియోకి, ఈ తెరకి మధ్య ఉన్నది మీ రిపీటరే. ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

దిగి వచ్చేముందు

పైలో స్టాటిక్ ఐపీ ఉంటే తీసేసి డీహెచ్‌సీపీకి మార్చండి. రౌటర్‌లో దాని మ్యాక్‌కి ఒక నంబరు రిజర్వ్ చేయండి. రౌటర్ మారినా పై కొత్త దాన్ని అడిగి కనీసం ఏదో ఒక అడ్రసు తెచ్చుకుంటుంది. పేరు రాస్‌బెర్రీపై అనే ఉంటే మార్చండి, కాల్‌సైనో నోడ్ నంబరో పెట్టండి. పై-స్టార్‌లో కార్డు మామూలుగా రీడ్ ఓన్లీలో ఉంటుంది కాబట్టి, కన్సోల్ నుంచి ఏదైనా మార్చాలంటే ముందు దాన్ని రాయడానికి వీలయ్యే స్థితికి తెచ్చుకోవాలి.

డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించండి. దాని మీద కాల్‌సైన్, నోడ్ నంబరు, లాన్ మ్యాక్, వైఫై మ్యాక్, ఎస్ఎస్‌హెచ్ పోర్టు, ఐపీ పలికే కోడ్ ఉండాలి. పాస్‌వర్డ్ వద్దు. ఆ కాగితాన్ని ఫోటో తీసి రిపీటర్ చూసుకునే మిగతా హామ్‌లకి పంపండి.

చివరగా రౌటర్‌నీ పైనీ ఒకేసారి ఆపి, ఒకేసారి వేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేది అదే కదా. అయిదు నిమిషాలు ఆగి, హ్యాండీలో కోడ్ నొక్కండి. మీరు రిజర్వ్ చేసిన నంబరే పలికితే ల్యాప్‌టాప్ మూసి బయల్దేరొచ్చు.